మచ్చ లేని కళ్లు

పతివాడ సింహాచలం నాలుగోసారి వచ్చిననాడు డాక్టర్ వైదేహి అతని ఫైలు తెరవనైనా తెరవలేదు. అందులో ఉన్నదంతా ఆమెకు కంఠతా వచ్చు. చీపురుపల్లి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు, వయసు ముప్పై తొమ్మిది, రెండు కళ్లకూ మైనస్ నాలుగు పవరు. వాలీబాల్ ఆడిస్తుండగా కళ్లద్దాలు పగిలి రెండుసార్లు కనుబొమ మీద కుట్లు పడ్డాయి. ఆ బాధ పడలేకే లేజర్ చేయించుకున్నాడు. చేసి పదకొండు నెలలైంది. ఇప్పుడు చార్టులో అట్టడుగు వరుస కూడా తడుముకోకుండా చదువుతాడు.

"చూపుకేం లోటు లేదమ్మా," అన్నాడు సింహాచలం. చెట్టంత మనిషి కుర్చీలో ముడుచుకుపోయి, అరచేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. "వెలుతురే పడట్లేదు. కన్ను తెరిస్తే ఇసక పోసి రుద్దీసినట్టుంటాది. ఎండలోకెళ్తే ఇంక సూదులే. పిల్లల్ని గ్రౌండుకి తీసుకెళ్లడం మానీసినాను."

వైదేహి అతన్ని మైక్రోస్కోపు ముందుకు జరిపి మరోసారి చూసింది. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, కడిగిన గాజులా ఉంది. రంగు మందు వేసి చూసింది. గీత లేదు, పొక్కు లేదు. కన్నీటి తడి కొలిస్తే సరిపడా ఉంది. నొప్పికి కారణం కంటిలో లేదనీ, మనసులో ఏదైనా దిగులుంటే ఇలాంటివి అనిపిస్తుంటాయనీ, తనకు తెలిసిన మానసిక వైద్యుడికి ఉత్తరం రాసిస్తాననీ చెప్పింది.

సింహాచలం మైక్రోస్కోపు దగ్గర్నుంచి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత, "నాకు పిచ్చంటారా?" అని మెల్లగా అడిగాడు.

అబ్బే, అలా కాదని ఆమె అంది. అంటూనే ఫైలులో ఇలా రాసింది: ‘నొప్పి ఉన్నదని రోగి చెప్పడమే తప్ప, కంటిలో కారణమేదీ లేదు.’

అతను ఆ తర్వాత మళ్లీ రాలేదు. సమస్య తీరినట్టేనని ఆమె అనుకుంది.

వైదేహి చెడ్డ డాక్టరు కాదు. విశాఖపట్నంలో పదిహేనేళ్లుగా కళ్లకు ఆపరేషన్లు చేస్తోంది. ఎంత ఓపికగా మాట్లాడుతుందంటే, ముసలివాళ్లు ఆమె చేతనే చేయించుకుంటామని పట్టుబట్టేవారు. కాకపోతే ఆమె జీవితంలో ఏడేళ్లు ఒకే యంత్రం మీద ఖర్చయ్యాయి. మామూలు లేజర్ ఆపరేషన్‌లో కార్నియా మీద పల్చటి మూత కోసి లేపి, కింద కొంత చెక్కి, మూత మళ్లీ కప్పుతారు. చూపు వస్తుంది గాని, కోసిన అంచు జీవితాంతం ఉండిపోతుంది. వైదేహి, లేజర్ ఇంజనీరు జోసెఫ్ రత్నాకర్ కలిసి తయారుచేసిన యంత్రం దేన్నీ కోయదు, చెక్కదు. కార్నియా లోపలి సన్నని పోగులను వెలుతురు తాకిడితో ఒక్కొక్కటిగా జరిపి కొత్త వరుసలో పేరుస్తుంది. బయటి వెలుతురు ఆ వరుసల గుండా పోతూ కావలసినంత వంగి, పడవలసిన చోట పడుతుంది. కళ్లద్దాన్ని కంటి లోపలే నేసినట్టన్నమాట. ల్యాబ్‌లో అందరూ దాన్ని ‘నేత’ అనేవారు. మూడు నెలలు గడిస్తే నేసిన చోటు ఏ మైక్రోస్కోపుకూ దొరకదు. అంతర్జాతీయ పత్రికలో వైదేహి వ్యాసం అచ్చయింది దాన్ని గురించే. ఆ కన్నును, పుట్టుకతో బాగున్న కన్నును పక్కపక్కన పెడితే ఏది ఏదో తానే చెప్పలేనని ఆమె అందులో గర్వంగా రాసుకుంది.

మొదట రెండేళ్లు కబేళా నుంచి తెచ్చిన మేక కళ్ల మీద పనిచేశారు. తర్వాత కుందేళ్ల మీద. ఆరేడు నెలలు గడిచేసరికి ఆ కుందేళ్లు పంజరంలో చీకటి మూల వెతుక్కుని, గోడకు ముఖం తిప్పుకుని కూర్చునేవి. కుందేలు పిరికి జంతువు గనక అలాగే కూర్చుంటుందని ఇద్దరూ అనుకున్నారు. ఆ మాట రిపోర్టులో కూడా రాయలేదు.

కుందేళ్ల తర్వాత అరవై మంది మనుషులకు చేశారు. సింహాచలం వారిలో ఇరవై రెండోవాడు.

అరవై ఒకటో మనిషి పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. ఆమె హిమజ, వైదేహి అక్క కూతురు. అక్క జ్వరంతో పోయేనాటికి పిల్లకు ఆరేళ్లు. తండ్రి ఇంకో సంసారం చూసుకున్నాడు. అప్పటినుంచి వైదేహే తెచ్చుకుని పెంచింది, తాను పెళ్లి మాట తలపెట్టలేదు. మర్రిపాలెంలో వాళ్ల మేడెక్కితే రైలు పట్టాలు కనిపించేవి. ఇంజను నడుపుతానని హిమజ పన్నెండేళ్లప్పుడు అంటే వైదేహి నవ్వింది. ఇరవై మూడేళ్లకు రాతపరీక్ష గట్టెక్కి ఉత్తరం చేతిలో పెట్టినప్పుడు నవ్వలేకపోయింది. హిమజకు మైనస్ మూడున్నర పవరు. ఇంజను ఉద్యోగానికి అద్దాలు లేకుండా సిక్స్ బై సిక్స్, అంటే ఏ లోటూ లేని చూపు, ఉండాలి, లేజర్ చేయించుకున్న కన్ను పనికిరాదు.

"నీ లేజర్ ఎవరికీ కనిపించదు కదా పిన్నీ," అంది హిమజ.

వైదేహి వారం రోజులు ఒప్పుకోలేదు. ఆ నిబంధన ఎందుకుందో, అది ఎంతమంది ప్రాణాలతో ముడిపడిందో చెప్పింది. హిమజ ఎదురు చెప్పలేదు. భోజనం మానలేదు, ఏడవలేదు. ఆ ఉత్తరం మడిచి తల్లి ఫొటో వెనక పెట్టేసింది, అంతే. ఎనిమిదో రోజు వైదేహి తనంతట తానే సరే అంది. పిల్ల మీది ప్రేమతో అన్నదా, తన పని ఎవరి కంటికీ చిక్కదని లోకం మీద పరీక్షించుకోవాలని అన్నదా అని తర్వాత్తర్వాత ఎన్నిసార్లు తనను తాను ప్రశ్నించుకున్నా ఆమెకు తెలియలేదు.

ఆదివారం ల్యాబ్‌లో వాళ్లు ముగ్గురే ఉన్నారు. రత్నాకర్ యంత్రం నడిపాడు. వైదేహి తన చేత్తో హిమజ రెప్పలు విడదీసి పట్టుకుని, ఆకుపచ్చ చుక్కను తప్ప ఇంకెటూ చూడవద్దంది. కంటికి పదకొండు సెకన్లు పట్టింది. మర్నాడు మేడ మీది నుంచి హిమజ దూరాన ఆగి ఉన్న గూడ్సు పెట్టెల మీది అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదివింది. చదువుతూ చదువుతూ పిన్ని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మూడు నెలలు దాటాక జరిగిన వైద్యపరీక్షలో హిమజ కళ్లకు ఏ వంకా దొరకలేదు. కంటికి ఎలాంటి లేజర్ చికిత్సా చేయించుకోలేదని ఒక కాగితం మీద సంతకం చేయాల్సివచ్చింది. ఆ కాగితం ఇంటికి తెచ్చి, ఇది అబద్ధం కదా అని హిమజ అడిగింది.

"గుర్తే లేని పని జరగనట్టే," అంది వైదేహి. హిమజ సంతకం పెట్టింది.

శిక్షణ అయ్యాక గూడ్సు బండ్ల మీద డ్రైవరుకు సహాయకురాలిగా వేశారు. సిగ్నల్ కనిపించగానే దాని రంగు పైకి చెప్పడం, అదే రంగును డ్రైవరు తిరిగి చెప్పడం అక్కడి పద్ధతి. మొదటి రోజుల్లో హిమజ సిగ్నళ్లను అందరికంటే ముందు చూసి చెప్పేది. కొన్ని నెలలకు అరకు కొండల వైపు వెళ్లే బండ్ల మీద వేయమని అడిగి మరీ మార్పించుకుంది. పిల్లకు కొండలూ లోయలూ నచ్చాయని వైదేహి పక్కింటివాళ్లకు చెప్పుకుంది. ఆ దారిలో సొరంగాలు చాలా ఉన్నాయన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ఆ రోజులకల్లా అరవై మందిలో సింహాచలంతో కలిపి పదకొండు మంది అదే నొప్పి చెప్పారు. వారిలో ఒక బ్యాంకు గుమస్తా, ఒక నర్సు, ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్నారు. ఎవరి కంట్లోనూ ఏమీ కనిపించలేదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటున్నారని వైదేహి అనుమానం. యంత్రం తయారుచేసే కంపెనీ దాన్ని ఊరూరా పెట్టాలని తొందరపడుతోంది. ఒకరోజు పొద్దున్నే టిఫిన్ చేస్తూ ఆమె రత్నాకర్‌తో ఫోనులో, "కళ్లు శుభ్రంగా ఉన్నాయి రత్నాకర్. బుర్రలకే చెయ్యాలి ఇంక లేజర్," అని నవ్వింది. హిమజ వంటింటి గట్టు దగ్గర అటు తిరిగి క్యారేజీ సర్దుకుంటోంది. మూత బిగించి, నల్లద్దాలు పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

సింహాచలం చివరిసారి వచ్చి వెళ్లిన పది నెలలకు, ఒక మంగళవారం, పద్దెనిమిదో టోకెన్ మనిషిని నర్సు లోపలికి పంపింది. వైదేహి తల ఎత్తి చూస్తే ఎదురుగా హిమజ. ఇదేం వేషం, ఇంటి దగ్గర మాట్లాడటానికి తీరలేదా అని నవ్వబోయింది. హిమజ నవ్వలేదు. రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"వెలుతురు పడట్లేదు డాక్టరుగారూ," అంది.

వైదేహి చేతిలో పెన్ను అలాగే ఆగింది. హిమజ ఎవరూ అడగకుండానే చార్టు వైపు తిరిగి కుడి కన్నుతో అట్టడుగు వరుస చదివింది. తర్వాత ఎడమ కన్నుతో చదివింది. ఒక్క అక్షరం తప్పలేదు. చదువుతున్నంతసేపూ చెంపల మీద నీళ్లు ధారగా కారుతూనే ఉన్నాయి. చదవడం అయిపోగానే కళ్లు మూసుకుని, ఊపిరి పీల్చుకుంది.

ఎన్నాళ్లుగా అని వైదేహి అడిగింది. ఏడు నెలలని హిమజ చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఫైల్లో ఏం రాస్తావో తెలుసు పిన్నీ."

అందులో నిష్ఠూరం కూడా లేదు. తర్వాత హిమజ మిగతాది చెప్పింది. ఇంట్లో అన్ని పనులూ కళ్లు మూసుకుని చేయడం నేర్చుకుందట. పప్పు ఉడికిందో లేదో వాసనను బట్టి తెలుస్తుందట. బండిలో సొరంగం వచ్చినప్పుడు కాస్త ప్రాణం తెరిపిన పడుతుందనీ, సొరంగం దాటి ఎండలోకి వచ్చే క్షణం కోసం పళ్లు బిగబట్టుకుని ఉంటాననీ చెప్పింది. నిన్న అలా బయటికి వచ్చినప్పుడు కళ్లు తెరుచుకోలేదు. ఎదుట సిగ్నల్ ఉందని మాత్రం తెలుసు. ఆకుపచ్చ అనేసింది. అది ఎరుపు. డ్రైవరు తన కళ్లతో చూసుకున్నాడు గనక బ్రేకు వేసి బండి ఆపాడు. కొత్తపిల్ల, ఎండ పడి తికమకపడిందనుకుని ఒక్క మాట అనలేదు.

"ఆయన తిట్టి ఉంటే బాగుండేది," అంది హిమజ. "ఇంక నేను బండెక్కను. అది చెబుదామనే వచ్చాను."

వైదేహి ఆ సాయంత్రం దాకా హిమజ కళ్లను పరీక్షిస్తూనే ఉంది. ఉన్న యంత్రాలన్నింటితో చూసింది. కార్నియా కడిగిన గాజులా ఉంది. తన చేత్తో నేసిన చోటు ఎక్కడో తనకే దొరకలేదు. ఈ పిల్ల అబద్ధం చెప్పదని ఆమెకు తెలుసు. ఈ పిల్ల చెప్పేది నిజమైతే మిగతా పదకొండు మందీ చెప్పింది నిజమే.

ప్రయోగాలకు పోగా మిగిలిన రెండు కుందేళ్లు ల్యాబ్‌లో ఇంకా ఉన్నాయి. వాటి కార్నియాలు తీసి, అంతకుముందు వాడని వెండి రసాయనంతో నరాలకు రంగు పట్టించి చూసిన రత్నాకర్ పక్కకు జరిగి వైదేహికి మైక్రోస్కోపు ఇచ్చాడు. పోగుల మధ్య ఉండే వెంట్రుక కంటే సన్నని నరాలు నేసిన వరుసలను పట్టుకుని పొదల్లా పెరిగి ఉన్నాయి. ఆ వరుసలు కాస్త వెలుతురును లోపలే పట్టి ఉంచుతున్నాయి. ఆ కొద్దిపాటి వేడి నరాలకు సూది మొనలా తగులుతోంది. బతికున్న మనిషి కంట్లో ఈ సంగతి చూసే దారి లేదు. కార్నియా కోసి తీసి, రంగులో నానబెడితే తప్ప కనిపించదు.

నొప్పి ఇంకా కంటిలోనే ఉందా, మెదడుకు ఎక్కిందా అని తెలుసుకోవడానికి మాత్రం చాలా తేలిక పరీక్ష ఒకటుంది. కంటిని మొద్దుబార్చే చుక్క ఒకటి వేయడమే. నిమిషంలో నొప్పి పోతే అది కంటిలోనే ఉన్నట్టు. పిచ్చిగా పెరిగిన నరాలను కాల్చేసి దాన్ని ఆపవచ్చు. స్పర్శ పోయిన కన్ను పదేళ్లకో ఇరవయ్యేళ్లకో మసకబారవచ్చు గాని, మనిషి సుఖంగా ఉంటాడు. చుక్క వేసినా పోకపోతే, నెలల తరబడి ఆ బాధకు అలవాటుపడిన మెదడు దాన్ని తనదిగా చేసుకున్నట్టు. ఇంక కంటికి ఏం చేసినా లాభం లేదు.

హిమజకు ఆ చుక్క వేయడానికి వైదేహికి ధైర్యం చాలలేదు. మొదట చీపురుపల్లి వెళ్లింది.

సింహాచలం ఇంటి కిటికీలకు దుప్పట్లు మేకులతో కొట్టి ఉన్నాయి. అతని భార్య పైడమ్మ తలుపు కొంచెమే తెరిచి, ఎవరో గుర్తుపట్టి, లోపలికి రమ్మనడానికి కాస్త ఆలస్యం చేసింది. చీకటి గదిలో అతను మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. కుడి కంటి చోట గుంట ఉంది. నాలుగు నెలల కిందట తన చేత్తోనే ఆ కన్ను పాడుచేసుకున్నాడట, ఆసుపత్రిలో తీసేయక తప్పలేదట. ఎలా పాడుచేసుకున్నాడో పైడమ్మ చెప్పింది. ఆ సంగతి వైదేహి తర్వాత ఎవరికీ చెప్పలేదు.

"కన్ను పోతే నొప్పి పోద్దనుకున్నాడమ్మా," అంది పైడమ్మ. "కన్నే పోనాది. నొప్పి అక్కడే ఉంది. లేని కన్నులో సూదులంటాడు, ఏటి సెప్మంటారు?"

వైదేహి నేల మీద కూర్చుంది. నొప్పి నిజమేనని, తప్పంతా తన యంత్రానిదని సింహాచలంతో చెప్పింది. అతను ఆ మాటకు సంతోషించినట్టు తల ఊపాడు. మా ఆవిడకి కూడా ఓసారి చెప్పండమ్మా, మా హెడ్మాస్టరుగారికి ఒక ముక్క రాసివ్వండి, అందరూ వేషాలంటున్నారు అని అడిగాడు. ఆమె తప్పకుండా రాసిస్తానంది. తర్వాత సంచిలోంచి సీసా తీసి, మిగిలిన కంటిలో చుక్క వేసి, చేతిగడియారం చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం అయింది. మూడు నిమిషాలయ్యాయి. పైడమ్మ కిటికీ మీది దుప్పటి వేలెడంత పక్కకు లాగితే, సింహాచలం దెబ్బ తగిలినట్టు మూలిగి మోకాళ్ల మధ్య ముఖం దాచుకున్నాడు.

వైదేహి సీసా మూత బిగిస్తుంటే పైడమ్మ ఆమె చేతుల వైపే చూస్తోంది.

"ఇది ముందే ఏసుంటే తగ్గేదా అమ్మా?"

"మొదటిసారి వచ్చినప్పుడు వేసి చూసి ఉంటే దారి దొరికేదేమో."

"అప్పుడు మీ దగ్గిర ఈ సీసా లేదా?"

"ఉంది," అంది వైదేహి. "బల్ల మీదే ఉంది."

పైడమ్మ దుప్పటి సరిచేసి, తలుపు తీసి పట్టుకుంది.

రెండు రోజుల తర్వాత వైదేహి హిమజను కుర్చీలో కూర్చోబెట్టింది. ఏం చుక్క వేస్తున్నదీ, దేనికో చెప్పలేదు. చెబితే పరీక్ష పాడవుతుంది. కుడి కంటిలో చుక్క వేసి, నిమిషం ఆగి, ముఖం మీద దీపం వేసింది. హిమజ కన్ను విప్పి దీపం వైపు చూసింది.

"తగ్గింది పిన్నీ," అంది.

వైదేహి ఎంత తగ్గిందని అడిగింది. దాదాపు పూర్తిగా పోయిందని హిమజ అంది. ఏడు నెలలే కదా, సింహాచలానికి అయినంత ఆలస్యం కాలేదు కదా, నరాలు కాల్చడానికి వేళ మించలేదు కదా అని ఆమె మనసులో లెక్కలు పరిగెత్తాయి. వెంటనే రత్నాకర్‌కు ఫోను చేసి రేపే యంత్రం సిద్ధం చేయమని చెప్పబోయింది. పదిహేనేళ్ల అలవాటు ఆమెను ఆపింది. ఇంకో సీసా తీసుకుంది. అందులో ఉన్నది ఒట్టి ఉప్పునీరు. దాన్ని ఎడమ కంటిలో వేసి, మళ్లీ నిమిషం ఆగి, దీపం వేసింది.

"ఇదీ తగ్గింది," అంది హిమజ.

వైదేహి దీపం ఆర్పేసి సీసా పక్కన పెట్టింది. ఉప్పునీటికి నొప్పి తగ్గదు.

"ఎందుకు అబద్ధం చెబుతున్నావమ్మా?"

"పిన్నీ, చీపురుపల్లి నుంచి వచ్చాక నువ్వు సరిగ్గా అన్నం తినలేదు. తగ్గలేదని ఎలా చెప్పను?"

మళ్లీ అసలు చుక్కలు వేసి చూశారు. ఈసారి హిమజ నిజమే చెప్పింది. రెండు కళ్లలోనూ ఇసుక రేణువంత కూడా తగ్గలేదు. నొప్పి మెదడుకు ఎక్కడానికి ఏడు నెలలు చాలాయి.

యంత్రాన్ని ఆపమని వైదేహి కంపెనీకి రాసింది. వాళ్లు ముగ్గురు నిపుణులతో కమిటీ వేశారు. మూడు వారాలపాటు విచారణ జరిగింది. కుందేళ్ల కార్నియాల చిత్రాలు ఆమె బల్ల మీద పరిచింది. కుందేలు కుందేలే, మనిషి మనిషే అని కమిటీ పెద్ద అన్నాడు. ఆయన మర్యాదస్థుడు, గొంతు ఎత్తలేదు. నేసిన కన్నుకూ మామూలు కన్నుకూ తేడా లేదని ఆమె రాసిన వ్యాసమే ఆమె ముందు చదివాడు. పదకొండు మంది ఫైళ్లలో ఆమె చేతిరాతతో ఉన్న వాక్యం చదివాడు. సింహాచలం కన్ను తానే పాడుచేసుకున్నాడు గనక అతని మానసిక స్థితి తెలుస్తూనే ఉందన్నాడు.

హిమజ నల్లద్దాలు తీసేసి కమిటీ ముందు కూర్చుంది. ఉద్యోగానికి ఇచ్చిన కాగితం ఆమె ముందు పెట్టి, లేజర్ చేయించుకోలేదని రాసిన సంతకం నీదేనా అని అడిగారు. నాదేనంది.

"అయితే అమ్మాయ్, అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?"

అప్పుడు చెప్పిందని హిమజ జవాబిచ్చింది. అబద్ధం చెప్పగలిగిన మనిషి మాట అని ఆయన గుమస్తా చేత రాయించాడు. ఆ ఆదివారం తానే దగ్గరుండి చేయించానని వైదేహి చెబితే, యంత్రం ఎవరు నడిపారని రత్నాకర్‌ను పిలిచి అడిగారు. రత్నాకర్ వైదేహి వైపు చూడలేదు. రిజిస్టరులో లేనిది తనకు గుర్తులేదన్నాడు. బయట వరండాలో మాత్రం ఆమె పక్కన ఆగి, ఇద్దరు పిల్లలున్నారు మేడమ్, ఉద్యోగం పోతే ఇంకెక్కడా తీసుకోరు అన్నాడు. ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టే హక్కు తనకు ఎక్కడ మిగిలిందో ఆమెకు కనిపించలేదు.

ఆ నెలలోనే యంత్రాన్ని ఇంకో తొమ్మిది ఊళ్లలో పెట్టారు. వైదేహిని పరిశోధనాలయం నుంచి తప్పించారు. తప్పుడు కాగితం ఇచ్చానని తానే ఒప్పుకున్నందుకు హిమజ ఉద్యోగం పోయింది.

కమిటీ రిపోర్టును ఒక మనిషి మర్రిపాలెం ఇంటికి పట్టుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నం వేళ. తలుపు తెరిస్తే ఎండ గది సగం దాకా వచ్చింది. ఎవరి కళ్ల గురించి రాశారో ఆ మనిషే చదివి, అందినట్టు సంతకం పెట్టాలని, తనకు ఇంకా రెండు చోట్లకు వెళ్లాల్సి ఉందని అతను అన్నాడు. హిమజ మంచం దిగి, గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని ఉంటే వైదేహి చదివింది. ఈమె కంటికి లేజర్ తగిలినట్టు ఆధారం లేదు. రెండు కళ్లూ సిక్స్ బై ఫైవ్, మామూలు కంటే మెరుగు. కార్నియా నిర్మలం. చికిత్స ఏదీ అవసరం లేదు.

"నొప్పి సంగతి ఏం రాశారు?" అని హిమజ అడిగింది.

ఏమీ రాయలేదని వైదేహి చెప్పింది. ఆ కాగితం మీద సంతకం పెట్టనక్కరలేదని, తాను లాయరును చూస్తానని అంది. హిమజ వినలేదు. ఎక్కడ పెట్టాలని వచ్చిన మనిషినే అడిగింది. అతను పేజీ అడుగున వేలు పెట్టి చూపించాడు.

హిమజ కళ్లు తెరిచింది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. దవడలు బిగుసుకుని, మెడ నరాలు తేలి, కళ్లలోంచి నీళ్లు కాగితం మీదికి రాలుతుంటే, తొందరపడకుండా పూర్తి పేరు రాసింది. అక్షరాలు గుండ్రంగా, సరిగ్గా గీత మీద పడ్డాయి. వచ్చిన మనిషి ఆమె ముఖం వంక చూడలేక సంతకం వంక చూశాడు.

"దస్తూరీ చాలా బాగుందమ్మా," అన్నాడు.

"చూపు బాగుంది కదండీ," అంది హిమజ. పెన్ను అతని చేతికిచ్చి, కళ్లు మూసుకుని, తలుపు వేయమని పిన్నికి చెప్పింది.